ఉప్పుకాగితం

2025 సంక్రాంతికి విశాఖ వెళ్ళినప్పుడు, పండగ హడావుడి అయ్యాక, అమ్మనీ నాన్ననీ తీసుకుని భీమిలి బయల్దేరాను. బీచ్ రోడ్డు మీద, రుషికొండ దాటాక, వెనక టైరు పంక్చరయింది. పెద్ద విషయం కాదు. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, ఇంజనీరింగ్ డిగ్రీ కూడా ఉంది. వాళ్ళిద్దర్నీ దిగమని, రన్నింగ్ బోర్డు కింద జాకీ పెట్టి తిప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి బిస్కెట్ విరిగినట్టు చిన్న చప్పుడైంది. ఇంకో రెండు చుట్లు తిప్పాను. జాకీ పైకి వెళ్తోంది, కారు లేవడం లేదు. వంగి చూస్తే జాకీ తల కారు లోపలికి దూరిపోయి ఉంది. కింద రోడ్డు మీద ఎర్రటి పొడి, పొరలు పొరలుగా రాలిన రేకు.

పక్కనే కొబ్బరిబొండాలు అమ్ముతున్న అబ్బాయి, ఇంకో ఇద్దరు వచ్చి వెనక భాగం చేతుల్తోనే ఎత్తి పట్టుకున్నారు. మారుతి 800 కాబట్టి ఆ మర్యాద సాధ్యమైంది. కింద రాయి పెట్టి టైరు మార్చాను. అంతసేపూ అమ్మ నన్ను చూస్తూ నిలబడింది. నాన్న సముద్రం వైపు తిరిగి నిలబడ్డారు. సిగ్గుపడుతున్నారేమో, పాతకారు కదా, అనుకున్నాను. భీమిలి వెళ్ళలేదు. వెనక్కి తిప్పి, ముప్ఫై దాటకుండా, పెదవాల్తేరులో ఇంటికి చేరాం.

ఆ కారు 2005లో కొన్నారు నాన్న. రిటైరవడానికి నాలుగేళ్ళ ముందు, పీఎఫ్‌లోంచి కొంత, బ్యాంకు అప్పు కొంత. ఆయన ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ మాస్టారు. నేను ఇంటర్ చదువుతున్నాను అప్పుడు. వెండి రంగు. వానొచ్చినా, ఎండొచ్చినా ఇంటి ముందు రోడ్డు మీదే ఉండేది, మాది పార్కింగ్ లేని పాత ఇల్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కూడా అక్కడే ఉంది. తుఫాను తగ్గాక చూస్తే బానెట్ మీద సగం వేపచెట్టు, అద్దాల మీద తెల్లటి ఉప్పు చార. కొమ్మల్ని తీసేసి తాళం తిప్పితే స్టార్టయింది. ఈ కథ నాన్న మా ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పారు. ఉప్పు సంగతి మాత్రం ఆ కథలో ఉండేది కాదు.

సముద్రం పక్కన పుట్టినవాళ్ళకి తుప్పు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఇంట్లో కిటికీ చువ్వలకి రెండేళ్ళకోసారి రంగు వేయాలి. ఫ్రిజ్ కాళ్ళు, గ్యాస్ సిలిండర్ అడుగు, గేటు గడియ, అన్నిటికీ అదే జబ్బు. పోర్టు వైపు వెళ్తే ఊరే ఎర్రగా ఉంటుంది. అది తుప్పు కాదు, బైలదిల్లా కొండల నుంచి రైల్లో వచ్చే ఇనుప ఖనిజం దుమ్ము. అయితే రసాయన శాస్త్రం లెక్కన రెండూ దగ్గరి చుట్టాలే. ఖనిజం ఐరన్ ఆక్సైడ్. తుప్పు నీళ్ళు కలిసిన ఐరన్ ఆక్సైడ్. బొగ్గూ వేడీ ఖర్చుపెట్టి ఖనిజంలోంచి ఆక్సిజన్ని విడదీస్తే ఇనుము వస్తుంది. వదిలేస్తే ఆ ఇనుము మళ్ళీ ఆక్సిజన్ని వెతుక్కుంటూ వెళ్ళి తన పాత రూపంలోకి మారిపోతుంది. మా కారు ఇరవయ్యేళ్ళుగా బైలదిల్లా వైపు తిరుగు ప్రయాణంలో ఉందన్నమాట, మేం దాన్ని భీమిలి వైపు నడుపుతున్నామనుకుంటూ.

ఇక్కడ నేను చేసిన పని ఒకటి చెప్పాలి.

2021లో నాన్నకి డెబ్భై నిండాయి. కరోనా రెండో వేవ్ అప్పుడే తగ్గుతోంది. హైదరాబాద్ నుంచి వెళ్ళడం కుదరలేదు, లేదా కుదుర్చుకోలేదు. ఏదైనా కానుక ఇవ్వాలనిపించింది. డోర్ల కింద అంచులు, వెనక చక్రం మీది భాగం బొబ్బలెక్కాయని అంతకుముందు వీడియో కాల్లో చూశాను. ఫోన్లోనే వెతికి, ఒక షెడ్డు వాళ్ళతో మాట్లాడి, ఫుల్ పెయింటింగ్‌కి మాట్లాడాను. ఇరవై రెండు వేలు. వాళ్ళే ఇంటికొచ్చి కారు తీసుకెళ్ళారు, తొమ్మిది రోజులకి తెచ్చి ఇచ్చారు. ఫొటోలు పంపారు. కారు మెరిసిపోతోంది. నాన్న ఫోన్ చేసి ‘కొత్త కారులా ఉందిరా’ అన్నారు. అడుగున నల్లటి కోటింగ్ కూడా ఉచితంగా కొట్టారట. నేను వాళ్ళకి ఐదు నక్షత్రాలు ఇచ్చి, నాలుగు వాక్యాల రివ్యూ కూడా రాశాను. నా రివ్యూల్లో ఎక్కువమంది చదివింది బహుశా అదే.

పంక్చరైన మర్నాడు గాజువాక ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాం. అరవయ్యేళ్ళాయన. కారు చుట్టూ ఒకసారి నడిచి, ఏమీ మాట్లాడకుండా, స్క్రూడ్రైవర్ పిడితో రేకు మీద తడుతూ వచ్చాడు. టంగ్, టంగ్, టంగ్, టప్. ఆ ‘టప్’ దగ్గర ఆగేవాడు. మళ్ళీ టంగ్, టప్, టప్, టప్.

“అయస్కాంతం ఉందేటి బాబూ?” అన్నాడు నాతో.

నా దగ్గర అయస్కాంతం ఎందుకుంటుంది? కానీ నాన్న చొక్కా జేబులోంచి ఒకటి తీసి ఇచ్చారు. ఎర్రరంగు పూసిన దండాయస్కాంతం, వాళ్ళ స్కూల్ ల్యాబు నాటిది, మా ఇంట్లో టేబుల్ సొరుగులో ఉండేది. చిన్నప్పుడు దాంతో ఇసకలోంచి ఇనుప రజను ఏరేవాణ్ణి. మేస్త్రి దాన్ని డోరు మధ్యలో పెట్టాడు, పట్టుకుంది. కింద అంచున పెట్టాడు, జారిపోయింది. రన్నింగ్ బోర్డు పొడవునా పెట్టుకుంటూ వెళ్ళాడు. చాలాచోట్ల పట్టుకోలేదు.

“ఇక్కడ రేకు నేదు బాబూ. ఉన్నదంతా పుట్టీయే. ఎవులు సేసేరు ఈ పని?”

నేను నాన్న వైపు చూశాను. నాన్న అయస్కాంతం వైపు చూస్తున్నారు.

గ్రైండర్ పెట్టి పై రంగు తీసేసరికి లోపలిది బయటపడింది. వెండి రంగు, దాని కింద ప్రైమర్, దాని కింద వేలి మందాన గులాబీరంగు పుట్టీ, దాని కింద ఒక వలగుడ్డ ముక్క, దాని కింద మడతపెట్టి కుక్కిన వార్తాపత్రిక. మేస్త్రి దాన్ని శ్రావణంతో లాగి నాకిచ్చాడు. తడిసి ఆరి అట్టకట్టింది. ఒక మూల తేదీ కనిపిస్తోంది, 2021 ఆగస్టు. తేదీ పక్కన సగం చిరిగిన రిజర్వేషన్ క్వార్టర్ల యాడ్. పదేళ్ళుగా పుస్తకాల మీద ఏవో అభిప్రాయాలు రాస్తున్నాను. ‘పొరలు’ అనే మాట ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. పొరలంటే ఏమిటో ఆటోనగర్‌లో చూశాను.

తుప్పు గురించి చాలామంది లాగే నేనూ ఒకటే అనుకునేవాణ్ణి: అది బయట మొదలై లోపలికి వెళ్తుందని. రాయి తగిలి రంగు లేచిపోయిన చోట అలాగే జరుగుతుంది. కానీ పాత కార్లని తినేసే తుప్పు లోపల్నుంచి వస్తుంది. కిటికీ అద్దం మీద పడిన వాన నీరు రబ్బరు పక్కనుంచి డోరు లోపలికి ఎప్పుడూ దిగుతూనే ఉంటుంది. దాన్ని ఆపడం కుదరదని తెలిసే, డోరు అడుగున నీళ్ళు పోవడానికి చిన్న చిల్లులు పెడతారు. రన్నింగ్ బోర్డు కూడా లోపల గొట్టంలా డొల్ల, దానికీ చిల్లులుంటాయి. ఆకులూ దుమ్మూ కలిసి ఆ చిల్లుల్ని మూసేస్తే నీళ్ళు లోపలే నిలుస్తాయి. ఉప్పు కలిసిన నీరైతే విద్యుత్తు బాగా ప్రవహిస్తుంది, పని వేగంగా సాగుతుంది. ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం కొన్ని రెట్లు పెరుగుతుంది, అందుకే పైన రంగు బొబ్బలా లేస్తుంది. అల్యూమినియం మీద వచ్చే ఆక్సైడ్ పొర గట్టిగా అంటుకుని కింది లోహాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పుకి ఆ గుణం లేదు. గుల్లగా ఉండి, తడిని పట్టి ఉంచి, కింది పొరకి దారి ఇస్తుంది.

ఇంకొకటి ఉంది. నీటి చుక్క కింద ఆక్సిజన్ తక్కువగా అందే చోట ఇనుము కరుగుతుంది. ఎర్రటి తుప్పు మాత్రం ఆక్సిజన్ అందే చోట పేరుకుంటుంది. అంటే తుప్పు కనబడే చోటూ ఇనుము పోయే చోటూ ఒకటే కానక్కర్లేదు. మనం మరక దగ్గర గీకుతూ కూర్చుంటాం, చిల్లు దాని పక్కన, చీకట్లో పడుతుంటుంది.

పుట్టీ నీళ్ళని పీలుస్తుందని మేస్త్రి చెప్పాడు. తుప్పు మీద పుట్టీ పెట్టడమంటే పుండు మీద తడిగుడ్డ కట్టడమే. ఆపైన, ఉచితంగా కొట్టిన నల్ల కోటింగ్ రన్నింగ్ బోర్డు కింది చిల్లులన్నిటినీ పూడ్చేసింది. నీళ్ళు పోయే దారి లేదు. నేను ఏమీ చేయకుండా ఊరుకుని ఉంటే ఈ కారు ఇంకో రెండు మూడేళ్ళు ఎక్కువ బతికేది. ఆ మాట మేస్త్రి అనలేదు, నేనే లెక్కేసుకున్నాను.

తర్వాత ముందుసీట్లో కాళ్ళ దగ్గర మ్యాట్ ఎత్తాడు. దాని కింద ఒక ప్లైవుడ్ ముక్క ఉంది, ఫ్లోరు ఆకారానికి చక్కగా కోసినది. ప్లైవుడ్ తీస్తే షెడ్డు నేల కనబడింది. అరచేయంత చిల్లు. అది అమ్మ కూర్చునే సీటు. బెల్టు బిగించే బోల్టు అక్కణ్ణుంచి జానెడు దూరం.

ఆ ప్లైవుడ్ షెడ్డువాళ్ళు పెట్టింది కాదు. అంచులు ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది ఉన్నాయి. మా ఇంట్లో అలా రుద్దే మనిషి ఒక్కరే.

“ఎప్పట్నుంచి తెలుసు నాన్నా?”

“2022 వానాకాలం నుంచి. అమ్మ చీర అంచు తడిసింది. అప్పుడు అయస్కాంతం పెట్టి చూశాను.”

“నాకెందుకు చెప్పలేదు?”

ఆయన కాసేపు ఆగి, “చెప్తే మళ్ళీ డబ్బులు పంపిస్తావు, అంతే కదరా” అన్నారు.

కోపంగా అనలేదు. ఎద్దేవా చెయ్యలేదు. క్లాసులో ఒక ప్రయోగం ఫలితం చెప్పినట్టు చెప్పారు. నేను ఇచ్చిన కానుక మొదటి వానకే ఉబ్బిందని చెబితే నేను నొచ్చుకుంటానని ఒక కారణం. చెబితే నా స్పందన ఏమిటో ఆయనకి ముందే తెలియడం ఇంకో కారణం. రెండోది వినడానికి ఎక్కువ కష్టంగా ఉంది, ఎందుకంటే అది నిజం. ఫోన్ తీసి, ఇంకో షెడ్డు వెతికి, ఇంకో ముప్ఫై వేలు పంపి, ఫొటోలు అడిగేవాణ్ణి. అమ్మని అడిగితే “రెండేళ్ళుగా కాళ్ళు ఓ పక్కకి పెట్టుకునే కూర్చుంటున్నా, అలవాటైపోయింది” అంది. వాళ్ళిద్దరూ వారానికి రెండుసార్లు ఆ కారులో రైతుబజారుకి, నెలకోసారి ఆస్పత్రికి వెళ్ళొస్తున్నారు.

నాన్న ముప్ఫై ఏళ్ళకి పైగా తుప్పు పాఠం చెప్పారు. మూడు పరీక్షనాళికలు, మూడు మేకులు. ఒకదాంట్లో మామూలు నీళ్ళు. ఒకదాంట్లో మరిగించిన నీళ్ళ మీద నూనె. ఒకదాంట్లో తడిని పీల్చే కాల్షియం క్లోరైడ్. కొన్ని రోజుల తర్వాత పిల్లల్ని పిలిచి చూపిస్తారు: మొదటి దాంట్లోనే తుప్పు, కాబట్టి గాలీ నీరూ రెండూ కావాలి. ఆ పాఠం నేనూ ఆయన దగ్గరే, వెనక బెంచీలో కూర్చుని విన్నాను. ఆ మనిషి తన కారు ఫ్లోరుకి ప్లైవుడ్ కోసి పెట్టి, దాని మీద మ్యాట్ పరిచి ఊరుకున్నాడు. నేను హైదరాబాద్ నుంచి పుట్టీ పెట్టాను, ఆయన విశాఖలో ప్లైవుడ్ పెట్టారు. ఒకరినొకరం నొప్పించుకోకుండా చాలా జాగ్రత్తగా ఉన్నాం.

కారుని ఏం చెయ్యాలన్నది తర్వాతి ప్రశ్న. పాతసామాన్లవాళ్ళు కాటా లెక్కన ఇరవై వేలన్నారు. మేస్త్రి రెండు రన్నింగ్ బోర్డులు, ఫ్లోరు, డోర్ల అడుగులు, రంగుతో కలిపి ముప్ఫై ఎనిమిది వేలన్నాడు. కారు మొత్తం విలువ కంటే ఎక్కువ. ప్రైవేటు కారుకి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి పరీక్ష చేయించి పొడిగించుకోవాలి. మా కారుకి ఒకసారి 2020లో అయింది, మళ్ళీ ఆ జులైలో ఉంది. ‘ఆ డబ్బుతో ఎన్ని క్యాబ్‌లు ఎక్కొచ్చో లెక్కేయి’ అని నా భార్య ఫోన్లో అంది. లెక్క వేస్తే తనదే సరైనది. నాన్న కూడా లెక్క వేసుకున్నారు. “ఇప్పుడు పొడిగిస్తే 2030 దాకా. అప్పటికి నాకు డెబ్భైతొమ్మిది. ముందు ఎవరు పోతారో చూద్దాం” అన్నారు. అమ్మ కసురుకుంది.

మేస్త్రిని సూటిగా అడిగాను, ఇది బాగుచేస్తే మా అమ్మని కూర్చోబెట్టొచ్చా అని. అతను కారుని లిఫ్ట్ మీద ఎక్కించి, చాసీ బీములూ సస్పెన్షన్ బిగించే చోట్లూ సుత్తితో ఒక్కొక్కటీ కొట్టి చూశాడు. అవి టంగ్ మన్నాయి. “ఎముక బాగుంది. సర్మం పోయింది. సర్మం ఏసుకోవచ్చు” అన్నాడు. ఎముకే పోయి ఉంటే చేయనని చెప్పేవాణ్ణన్నాడు. ఆ మాటతో సరేనన్నాం. నేను రెండు వారాలు విశాఖ నుంచే పని చేస్తానని ఆఫీసుకి చెప్పాను. ఈసారి ఫొటోలతో సరిపెట్టుకోదలచుకోలేదు.

పని మొదట్లో చూడ్డానికి భయం వేస్తుంది. చిల్లు అరచేయంత ఉంటే, మంచి లోహం దొరికేదాకా కోస్తూ పోయి కంచమంత చేశాడు. పలచబడ్డ రేకుకి వెల్డింగ్ అంటుకోదు, కరిగిపోతుంది. అందుకని మెరిసే ఇనుము తగిలేదాకా కొయ్యాల్సిందే. కొత్త రేకుని ఆ ఆకారానికి వంచి, సీవోటూ వెల్డింగ్‌తో ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టుకుంటూ వచ్చాడు. వరసగా లాగేస్తే వేడికి రేకు వంకర్లు పోతుంది. వెల్డింగ్ వెనకవైపు రంగు మాడిపోతుంది కాబట్టి మళ్ళీ తుప్పు మొదలయ్యేది అక్కడే. అందుకని రన్నింగ్ బోర్డు డొల్లలోకి సన్నటి గొట్టం పెట్టి మైనం లాంటి ద్రవం కొట్టాడు. కింద చిల్లులు తెరిచి ఉన్నాయో లేదో నీళ్ళు పోసి చూపించాడు. నీళ్ళు ధారగా కిందికి కారాయి. 2021లో నా దగ్గరికి వచ్చిన ఫొటోల్లో ఇలాంటిది ఒక్కటీ లేదు.

పైపైన తుప్పు పట్టి, చిల్లు పడని చోట్లు మాకిచ్చాడు. అంటే నాకూ నాన్నకీ. గోదావరి జిల్లాల్లో ఏమంటారో గానీ మా ఇంట్లో సాండ్‌పేపర్‌ని ఉప్పుకాగితం అనే అంటాం. ఉప్పు తెచ్చిన తుప్పుని ఉప్పుకాగితంతో రుద్దుతున్నామని నాన్న నవ్వారు. ఎనభై నంబరుతో మొదలుపెట్టి, నూట ఇరవై, రెండువందల ఇరవై. రుద్దగా గుంటల్లో మిగిలిన నల్లటి చుక్కల మీద బ్రష్షుతో రస్ట్ కన్వర్టర్ రాశాం. అందులో ముఖ్యంగా ఉండేది ఫాస్ఫారిక్ ఆమ్లం. అది తుప్పుని ఐరన్ ఫాస్ఫేట్‌గా మార్చి గట్టిపరుస్తుంది. డబ్బా మీద ఆ పేరు చదివి, నాన్న మాస్టారైపోయారు. ఢిల్లీలో కుతుబ్ మినార్ దగ్గరున్న ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్ళుగా దాదాపు చెక్కుచెదరకుండా ఉండటానికి కారణం దాని ఇనుములో ఫాస్ఫరస్ ఎక్కువ ఉండటమేనని, అది ఉపరితలం మీద ఫాస్ఫేట్ పొరని కట్టిందని ఐఐటీ కాన్పూర్ శాస్త్రవేత్త ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారని చెప్పారు. ఢిల్లీ పొడిగాలి కూడా సాయం చేసిందట. “అదే స్తంభాన్ని మన రామకృష్ణా బీచ్‌లో పాతితే తెలిసేది” అన్నారు.

ఆ రెండు వారాల్లో మేం పెద్ద విషయాలేవీ మాట్లాడుకోలేదు. మోకాళ్ళు నొప్పెడుతున్నాయని ఒకరోజు చెప్పారు. రాత్రి పూట ఎదురొచ్చే లైట్లకి కళ్ళు జిగేల్‌మంటున్నాయని, ఏడాదిగా చీకటి పడ్డాక నడపడం లేదని ఇంకో రోజు. ఈ రెండూ ఫోన్లో ఎప్పుడూ చెప్పలేదు. నేను అడిగేది ‘బావున్నారా’ అని, ఆయన చెప్పేది ‘బావున్నాం’ అని. చేతులు వేరే పనిలో ఉన్నప్పుడు, కళ్ళు రేకు మీద ఉన్నప్పుడు చెప్పడం తేలికనుకుంటాను. హైవే ఎక్కనని, ఊళ్ళోనే, పగలే నడుపుతానని ఆయనే అన్నారు. నేను ఆ మాట ఎలా అనాలా అని మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను అప్పటికి.

మా వృత్తిలో పాత సాఫ్ట్‌వేర్‌లో ఇలా పేరుకుపోయిన అతుకుల్ని ‘టెక్నికల్ డెట్’ అంటారు. ఈ వ్యాసం మొదట దాన్ని పట్టుకునే రాద్దామనుకున్నాను. కుదరలేదు. కోడ్‌ని పదేళ్ళు ముట్టుకోకుండా వదిలేస్తే అందులో ఒక్క అక్షరం కూడా దానంతటది మారదు. ఇనుము అలా కాదు. మనం చూడని ప్రతి రోజూ అది ఏదో ఒకటి చేస్తూనే ఉంటుంది. మనుషుల సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆ మధ్య ఒక కథల సంపుటి మీద రాస్తూ ‘నున్నటి వచనం’ అని మెచ్చుకోబోయి, ఆగి, ఆ కథల్ని మళ్ళీ తట్టి చూశాను. రెండు చోట్ల టప్ మంది. అంతమేరకు విమర్శకుడిగా బాగుపడ్డాను.

కారు జులైలో పరీక్ష నెగ్గింది. రంగు సరిగ్గా కలవలేదు. కొత్తగా వేసిన కింది భాగం ఒక ఛాయ ముదురుగా ఉంటుంది, ఎండలో నిలబడి చూస్తే ఎక్కడిదాకా కోశారో తెలిసిపోతుంది. మొత్తం కారుకి వేసి కలిపేద్దామా అని మేస్త్రి అడిగితే నాన్న వద్దన్నారు. ఇప్పుడు మూడు నెలలకోసారైనా వెళ్తున్నాను. వెళ్ళినప్పుడు, పాత సైకిల్ పుల్ల ఒకటి పట్టుకుని, కారు పక్కన నేల మీద పడుకుని, డోర్ల కిందా రన్నింగ్ బోర్డు కిందా ఉన్న చిల్లుల్లో పొడుస్తాను. నాన్న టార్చి పట్టుకుంటారు. పది నిమిషాల పని. డబ్బు అక్కర్లేదు, మనిషి మాత్రం అక్కడ ఉండాలి.

మొన్న ఆదివారం పొద్దున్నే ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. పండగ కాదు, పుట్టినరోజు కాదు.

“ఎడం వెనక చక్రం పైన కొత్తగా బొబ్బ లేచిందిరా. శనగ్గింజంత ఉంది. ఫొటో పెట్టాను చూడు.”

చూశాను. నిజమే, శనగ్గింజంత. పక్కన కొలతకి అయస్కాంతం పెట్టారు. శుక్రవారం రాత్రికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్లున్నాయేమో చూస్తే వెయిటింగ్ లిస్టు ఎనభై నాలుగు. బస్సు చూస్తున్నాను.